మొసలి పూజారి ఇచ్చిన శాంతిపత్రాలు

సతబూస్ పుట్టిన రోజున తండ్రి చేసిన మొదటి పని బిడ్డను మొసలికి చూపించడం. రెండో పని తల్లికి చూపించడం. ఆ వంశంలో వరస అదే.

ఐగుప్తులో, పెద్ద సరస్సు పక్కన, నీళ్ళు వచ్చే కాలవల్లో అన్నిటికంటే చివరి కాలవ మీద ఉన్న ఊరు సెనెప్త. అక్కడ సోబెక్ దేవుడి గుడి వెనక రాతిమడుగులో ఉండే మొసలిని ఊరంతా పెద్దాయన అనేవారు. దేవుడి కొడుకని కొందరు, దేవుడేనని కొందరు అనేవారు గాని, పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. ముందుకాళ్ళకు కడియాలు, ఒక చెవికి బంగారు పోగు. రెండో చెవి పోగు సతబూస్ తాతగారి కాలంలో పోయింది. ఎక్కడ పోయిందో తెలిసిన ఒక్క ప్రాణీ నోరు తెరిచేది తినడానికే.

తెల్లారాక గోధుమరొట్టె, మధ్యాహ్నం వేయించిన మాంసం, పొద్దు వాలేముందు తేనె కలిపిన ద్రాక్షసారా. సతబూస్ మెట్ల మీద కూచుని రెండు చప్పట్లు కొట్టి, గొంతులో చిన్న కూనిరాగం తీస్తే పెద్దాయన తేలివచ్చి నోరు తెరిచేవాడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి ముద్ద దించాలి. విసిరితే తినడు. నలభై ఏళ్ళు ఈ పని చేసిన సతబూస్‌కి పది వేళ్ళూ ఉన్నాయి. ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళలో అంత పూర్తి లెక్క ఉన్నవాడు లేడు.

ఈ వైభవానికి తగ్గ నియమాలూ ఉన్నాయి. మూడు రోజులకోసారి నెత్తి నుంచి పాదం దాకా గొరిగించుకోవాలి. నారబట్టే కట్టాలి, ఉన్ని తగలకూడదు. పందిని తినకూడదు, ముట్టకూడదు, వీలైతే తలుచుకోకూడదు. ఒకప్పుడు ఏడుగురు పూజారులుండే ఆ గుడిలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. కొడుకులు లేరు. భార్య తమిస్తకు పెద్దాయనతో మొదటినుంచీ పడదు.

"ఏమయ్యో, ముప్ఫై ఏళ్ళ కాపురం మనది. రోజుకి మూడు పూటలా ఆయనకి నోట్లో పెట్టి తినిపిస్తావు. నాకు ఒక్కనాడు, ఒక్క ముద్ద తినిపించావా?" అనేది ఆమె.

"నీకు చేతులున్నాయి కదే," అనేవాడు సతబూస్. ఆయనకు తెలిసిన తర్కంలో దీనికి మించిన జవాబు లేదు.

ఇలా సాగుతున్న బతుకులోకి, నైలు పొంగడానికి నెల ముందు, చక్రవర్తిగారి ఆజ్ఞ దిగింది. రాజ్యానికి రోజులు బాగాలేవనీ, దేవుళ్ళు అలిగారనీ, కాబట్టి రాజ్యంలోని ప్రతి మనిషీ అధికారుల ఎదుట దేవుళ్ళకు బలి ఇచ్చి, సారా ధారపోసి, బలిమాంసం రుచి చూసి, చూసినట్టు కాగితం పుచ్చుకోవాలనీ దాని సారాంశం. ఏ దేవుళ్ళకో రాయలేదు. ఎవర్ని పట్టుకోవడానికో మాత్రం అందరికీ తెలుసు. క్రైస్తవులనే కొత్త మతంవాళ్ళు బలులివ్వరు, బలిమాంసం ముట్టరు. ఉన్నది ఒక్కడే దేవుడంటారు. దేవుళ్ళ లెక్క తెలిసినవాడెవడూ లేని ఐగుప్తులో ఈ మాట వింటే కోపం కన్నా ముందు జాలి కలిగేది.

సెనెప్తలో క్రైస్తవులు నలభైమంది. వాళ్ళ మీద ఊరికున్న ఫిర్యాదల్లా, వారం మొదటిరోజున కోడి కన్నా ముందు లేచి పాడతారని, కోడికున్న శ్రుతి వాళ్ళకు లేదని. వాళ్ళలో పెద్దదిక్కు చాకలి కోప్రెస్. కోప్రెస్ అంటే పెంట. పెంటకుప్ప మీద దొరికి బతికిన బిడ్డలకు ఆ పేరు పెడితే దిష్టి తగలదు. అతనికి తగల్లేదు కూడా. సతబూస్ నారబట్టలు ఉతికేది అతనే. మొసలి పూజారి మడిబట్ట క్రైస్తవుడి చేతుల మీదుగా మడిగా రావడంలో తప్పేమీ పాతికేళ్ళుగా ఇద్దరికీ తోచలేదు.

ఆజ్ఞ రాగానే క్రైస్తవుల గురువు మందను దేవుడికీ, తనను రెల్లుపొదలకూ అప్పగించి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు చేశారు. కొందరు కళ్ళు మూసుకుని తిన్నారు. కొందరు కరణం నీలోస్ ఇంటికి బాతులు పంపి తినకుండానే కాగితం తెచ్చుకున్నారు. ఒకడు తన పేరున తమ్ముణ్ణి పంపాడు. తమ్ముడు అన్న పేరున ఒక ముక్క, తన పేరున ఒక ముక్క తిని, ఇంకో అన్న ఉంటే బాగుండుననుకుంటూ ఇంటికి పోయాడు. కోప్రెస్ వెళ్ళి, ఒక ముక్క నమిలి, కాగితం పుచ్చుకుని, రేవుకెళ్ళి సాయంత్రం దాకా నోరు కడుక్కున్నాడు.

ఫలితంగా సెనెప్త జాబితా మచ్చ లేకుండా తయారయింది. అక్కడే చిక్కొచ్చింది. జిల్లా కచేరీ నుంచి కరణానికి ఉత్తరం వచ్చింది: "ప్రతి ఊరూ ఇద్దరు ముగ్గురు మొండివాళ్ళను పంపింది. మీ ఊళ్ళో ఒక్కడూ లేడా? మమ్మల్ని నమ్మమంటారా?"

బాతుల దొడ్డి వైపు చూసేసరికి కరణానికి చెమటలు పట్టాయి. అదే రోజు, గడువుకి చివరి రోజు, గుడి వాకిట్లో బలిపీఠం ముందు నుంచి నారబట్టలో సతబూస్ నడిచిపోతూ కనిపించాడు.

"మామా, నీ కాగితమేది?"

"నాకెందుకురా? నేను పూజారిని."

"పూజారైతే బలి ఇచ్చినట్టేనని ఆజ్ఞలో లేదు మామా. ఇద్దరు సాక్షులు, ఒక ముక్క మాంసం. అంతే."

"సాక్షిగా పెద్దాయన్ని రాసుకో."

"సంతకం పెడతాడా?"

"పెడితే నీ చెయ్యి మీదే పెడతాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కరణమూ నవ్వి, పళ్ళెం ముందుకు తోశాడు. సతబూస్ వంగి చూశాడు. వాసన పట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది పంది."

"పందే. రోమువాళ్ళ దేవుళ్ళకి మహా ప్రీతి. ఇవాళ్టి బలి అదే."

"మేం ముట్టకూడదు. నీకు తెలుసు."

"నాలిక చివర పెట్టుకుని తీసెయ్యి మామా."

"ఆ నాలికతోనే రేపు పొద్దున కూనిరాగం తీయాలిరా. పెద్దాయన పట్టెయ్యడూ? పదకొండు తరాల నియమం. మేకను తెప్పించు, ఇక్కడే నిలబడి తింటాను."

"ఆజ్ఞ ఎదుటనున్న బలి గురించే గాని, ఇంటి దగ్గరున్న మేక గురించి కాదు," అన్నాడు కరణం. అప్పటికే అతని ముఖం మెల్లగా వికసిస్తోంది. "అందరూ వినండి. ఎదుట పెట్టిన బలిమాంసాన్ని నలుగురి ముందూ కాదన్నవాణ్ణి ఆజ్ఞ ప్రకారం ఏమంటారు?"

అంత అసంబద్ధమైన మాట మొదట ఎవరనాలో ఎవరికీ తెలియలేదు.

"నీలోస్, పుట్టగానే నిన్ను పెద్దాయనకి చూపించింది ఈ చేతులతోనేరా," అన్నాడు సతబూస్.

"మరిచిపోలేదు మామా. అందుకే బాధగా ఉంది," అని కరణం కలం ముంచి రాసుకున్నాడు: సతబూస్, మొసలి పూజారి, క్రైస్తవుడు. ఒక్క క్షణం ఆలోచించి, మొండివాడు అని చేర్చాడు.

అలా సెనెప్త పరువు దక్కింది. సతబూస్‌ని ఖాళీ ధాన్యపు కొట్టులో పెట్టి తాళం వేశారు. ఏటేటా పర్యటనకు వచ్చే పెద్ద అధికారి వచ్చేదాకా అక్కడే. పంది తింటే ఆ క్షణమే విడుదల.

సతబూస్‌కి తన గురించి బెంగ లేదు. గొరగడానికి మంగలి రాకపోవడం ఒక్కటే బాధ. బెంగంతా మడుగు వైపే. మొదటి రోజు పెద్దాయన మెట్ల దగ్గర తేలి మూడు పూటలా నోరు తెరుచుకుని ఎదురుచూశాడట. రెండో రోజు తెరవలేదట. మూడో రోజు తమిస్త కిటికీ దగ్గరికొచ్చింది.

"మిద్దె మీద నుంచి రొట్టె విసిరాను. కన్నెత్తి చూడలేదు మహానుభావుడు."

"విసిరితే తినడే. కుక్కనుకున్నావా?"

"దగ్గరికెళ్ళి పెట్టడానికి నాకేమైనా రెండు జతల చేతులున్నాయా? పోనీ ఆ పంది ముక్కేదో మింగి బయటికి రారాదూ?"

"మింగితే ఆయన దగ్గరికి పోవడానికి పనికిరాను. మింగకపోతే పోనివ్వరు. ఎటు చూసినా ఆకలి ఆయనదే."

తమిస్త మడుగు వైపు తల తిప్పింది. "చిక్కిపోయాడయ్యా," అంది. పెద్దాయన గురించి ఆమె నోట జాలిగా వచ్చిన మొదటి మాట అది. సతబూస్ ఆ రోజు అన్నం ముట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం చాకలి కోప్రెస్ వచ్చాడు. కిటికీ ముందు మోకరిల్లి ఏడవడం మొదలుపెట్టాడు.

"అయ్యా, మీరు మావాళ్ళని ఇన్నేళ్ళూ మాకు తెలియలేదు."

"ఎవరివాళ్ళురా?"

"నలభైమందిమి నలభై రకాలుగా జారిపోయాం. మొత్తం ఊళ్ళో నిలబడింది మీరొక్కరే."

"ఒరే కోప్రెస్, నేను మొసలి పూజారినిరా. పాతికేళ్ళుగా నా బట్టలు ఉతుకుతున్నావు."

"ఉతుకుతూ కూడా గుర్తుపట్టలేకపోయాను. ఎంత గుడ్డివాణ్ణి!"

"నేను క్రైస్తవుణ్ణి కాను!"

"అలా అనడంలోనే మీ వినయం తెలుస్తోందయ్యా," అన్నాడు కోప్రెస్ కళ్ళు తుడుచుకుంటూ.

సతబూస్ ఆ మధ్యాహ్నం ఇంకో ఆరుసార్లు కాదన్నాడు. ప్రతిసారీ ఆయన మహిమ పెరిగింది తప్ప తగ్గలేదు. చివరికి విసిగి, "సరే, నీకేం కావాలో చెప్పి ఏడు," అన్నాడు.

కావలసింది శాంతిపత్రం. వాళ్ళలో జారిపోయినవాణ్ణి మళ్ళీ సంఘంలోకి రానివ్వరు. కాని నిలబడి చెరసాలకు పోయినవాడు 'ఇతనికి శాంతి' అని రాసిస్తే, ఏదో ఒక ప్రాయశ్చిత్తం చేయించుకుని రానిస్తారు. పొరుగూళ్ళో అలా ఒక నేతపనివాడు రాసిస్తున్నాడు. సెనెప్తలో రాయగల అర్హత ఇప్పుడు సతబూస్‌కే ఉంది. "మీరు కాదంటే మేం నలభైమందిమి ఇటూ కాకుండా అటూ కాకుండా పోతామయ్యా. ఏ ప్రాయశ్చిత్తమైనా విధించండి. నిప్పుల్లో నడవమన్నా నడుస్తాం."

సతబూస్ చాలాసేపు అతని చేతుల వైపు చూశాడు. చాకిరేవులో నాని నాని తెల్లబడిన, బలమైన, శుభ్రమైన చేతులు. పందిని ముట్టే ఉంటాయి, కాని సాయంత్రం దాకా కడిగాడు. అప్పటినుంచీ రోజూ పొద్దస్తమానం సబ్బుమట్టిలోనే ఉన్నాయి.

"ఏదైనా చేస్తావా?" అన్నాడు.

"ఏదైనా."

"మోచేతి దాకా పెట్టాలి. ముద్ద నాలిక మీద కాదు, గొంతు దగ్గర దించాలి. భయపడకు, భయం ఆయనకి వాసన కొడుతుంది."

కోప్రెస్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నిప్పుల గురించి మళ్ళీ అడిగాడు. సతబూస్ ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం కోప్రెస్ ఇంట్లో సంఘం సమావేశమై మహా చర్చ చేసింది. విగ్రహాలకు బలిచ్చినందుకు ప్రాయశ్చిత్తంగా మొసలి దేవుడికి నైవేద్యం పెట్టడమా? "ఇదేదో బురద కాలు బురదలో కడుక్కోవడంలా ఉంది," అంది ఒక విధవరాలు. తమ్ముణ్ణి పంపినవాడు, ఈసారీ తమ్ముణ్ణి పంపవచ్చా అని అడిగాడు. చివరికి కోప్రెస్సే దారి చూపించాడు: "ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమని మనకు ఆజ్ఞ ఉందా లేదా? ఉంది. ఆకలిగొన్నవాడు దేవుడైతే పెట్టకూడదని ఉందా? లేదు." ధూపం వేయకూడదని, దణ్ణం పెట్టకూడదని, ముద్ద పెట్టేముందు 'నువ్వు దేవుడివి కావు' అని స్పష్టంగా చెప్పాలని తీర్మానించుకున్నారు.

మర్నాడు పొద్దున కోప్రెస్ మెట్లు దిగి రెండు చప్పట్లు కొట్టాడు. ఒంటి మీద ఉతకడానికిచ్చిన సతబూస్ నారబట్టే కట్టుకున్నాడు. పెద్దాయన తేలివచ్చాడు.

"నువ్వు దేవుడివి కావు," అన్నాడు కోప్రెస్, తీర్మానం ప్రకారం.

పెద్దాయన నోరు తెరిచాడు. తినేవాడికి వేదాంతంతో పనేముంది?

చెయ్యి వేళ్ళతో సహా తిరిగొచ్చింది. ఆ సంగతి వినగానే కొట్టులో సతబూస్ అయిదు రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయాడు. లేచి శాంతిపత్రం రాసిచ్చాడు. ఆయనకొచ్చింది తాతలనాటి గుడి రాత ఒక్కటే. అందులో ఆయనకు రాయడం వచ్చింది పెద్దాయన భోజనపట్టిక ఒక్కటే. 'పొద్దున రొట్టె, మధ్యాహ్నం మాంసం, తేనె ఎక్కువ కాకూడదు.' ఆ లిపి చదవగలవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. కోప్రెస్ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు.

తర్వాత వరసలు కట్టారు. నలభైమందీ వంతులవారీగా పెద్దాయనకు తినిపించి, ఆయన దేవుడు కాడని ఆయనకే చెప్పి, పత్రాలు పుచ్చుకున్నారు. పొరుగూళ్ళలో జారిపోయినవాళ్ళూ బుట్టలతో రాసాగారు. ఇదంతా చూసి, ఏ దేవుడి జోలికీ పోని రెండు కుటుంబాలు, మొసలి నోట్లో చెయ్యి పెట్టి వెనక్కి తీసుకోగల మతంలో ఏదో ఉందని నిశ్చయించి, కొత్తగా క్రైస్తవంలో చేరాయి. పెద్దాయన నిగనిగలాడుతూ ఎంత బలిశాడంటే, కడియాలు వదులు చేయించాల్సి వచ్చింది.

చలికాలంలో పెద్ద అధికారి వచ్చాడు. ఆయన మొదట చూసింది మడుగు దగ్గర బుట్టలతో బారులు తీరిన జనాన్ని. అందరి దగ్గరా కాగితాలున్నాయి.

"జిల్లా మొత్తంలో ఇంత దైవభక్తి ఉన్న ఊరు చూడలేదు," అన్నాడాయన చలించిపోయి. "ఆ ముందు నిలబడ్డ మహాభక్తుడెవరు?"

"కోప్రెస్ అండీ. చాకలి," అన్నాడు కరణం.

"చెరలో ఉన్న నాస్తికుడెవరు?"

"మొసలి పూజారండీ."

అధికారి కరణం చేత ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఇంకోసారి విన్నంత మాత్రాన బాగుపడే సంగతి కాదని తెలిసి, సతబూస్‌ని మడుగు దగ్గరికి రప్పించాడు. గడ్డం, జుట్టు పెరిగిపోయి, నారబట్ట మాసిపోయి, ఆ పూట చూసినవాళ్ళకు ఆయన అచ్చం ఎడారి సన్యాసిలా కనిపించాడు.

"నువ్వు పూజారివే అయితే నీ దేవుణ్ణి పిలువు. నీ మాట వింటే వదిలేస్తాను."

సతబూస్ మెట్ల మీద కూచుని రెండు చప్పట్లు కొట్టి కూనిరాగం తీశాడు. పెద్దాయన ఒక కన్ను తెరిచాడు. ఆ పొద్దున అధికారిగారి రాక సందర్భంగా పదిహేడు మంది తినిపించి వెళ్ళారు. ఆ కన్ను సతబూస్‌ని చూసింది, గుర్తుపట్టింది, కదలలేనని విన్నవించుకుని మూసుకుంది.

సతబూస్ ఆ నున్నటి వీపునీ, గుండ్రటి పొట్టనీ చూసి పెద్దగా ఏడ్చేశాడు. ఆ ఏడుపు సంతోషంతో వచ్చిందని తమిస్త ఒక్కతే గ్రహించింది.

"ఇంకేమైనా చెప్పుకుంటావా?" అన్నాడు అధికారి.

"తేనె తగ్గించమనండి, దొరా," అన్నాడు సతబూస్.

పంది తినేదాకా కొట్టులోనే ఉంచమని తీర్పయింది. ఇంతటి భక్తికి గుర్తింపుగా చాకలి కోప్రెస్‌ని గుడికి పూజారిగా నియమిస్తూ అధికారి అక్కడికక్కడే కాగితం రాసిచ్చాడు. కాదంటే చక్రవర్తిని కాదన్నట్టే. కోప్రెస్ దాన్ని తేలుని పట్టుకున్నట్టు పట్టుకుని, నేరుగా కొట్టు కిటికీ దగ్గరికొచ్చి కూలబడ్డాడు.

"అయ్యా, దీనికి శాంతిపత్రం ఉంటుందా?"

"ముందు నెత్తి గొరిగించుకో," అన్నాడు సతబూస్.

మరుసటి వేసవిలో కబురొచ్చింది. చక్రవర్తి ఎక్కడో ఉత్తరాన యుద్ధంలో, చిత్తడినేలలో మునిగి పోయాడట. శవం కూడా దొరకలేదట. "పెద్దాయనకి అక్కడా చుట్టాలున్నారేమో," అంది తమిస్త. ఆజ్ఞను అడిగేవాడు లేడు. కరణం తనే వచ్చి తాళం తీసి, "ఏమనుకోకు మామా," అన్నాడు. సతబూస్ ఏమీ అనుకోకుండా మడుగు వైపు పరుగెత్తాడు. ఆ రోజు పెద్దాయన ఖాళీ కడుపుతో ఉన్నాడు. రెండో చప్పట అవసరం లేకపోయింది.

అప్పటినుంచి సెనెప్తలో ఏర్పాటు ఇది: కాగితం మీద మొసలి పూజారి చాకలి కోప్రెస్, పని చేసేది సతబూస్. వారం మొదటిరోజు తెల్లవారకముందు క్రైస్తవుల కూటంలో, నిలబడ్డవాడి పీట సతబూస్‌ది. మొదట్లో రానన్నాడు. వినయమన్నారు. అంతకన్నా వచ్చి కూర్చోవడమే సుఖమని తేలింది. వాళ్ళు పాడుతుంటే ఆయన కునికేవాడు. శ్రుతి తప్పినప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచి సరిచేసేవాడు. నలభై ఏళ్ళ కూనిరాగం ఊరికే పోలేదు.

మరో ఆరేళ్ళకు ఒక పొద్దున పెద్దాయన చప్పట్లకు తేలలేదు.

పోయిన మొసలికి ఉప్పు పట్టించి, పొట్టలో పాత కాగితాలు కూరి, గుడ్డలు చుట్టి, కొండ మీద పెద్దల పక్కన పడుకోబెట్టడం ఆచారం. గుడిలో పాత కాగితాలు లేవు. అంత పొట్టకి ఎక్కడివి? ఆ మాట విని క్రైస్తవులు ఒక్కొక్కరే వచ్చారు. బలి ఇచ్చామని రాసిన ఆ కాగితాల్ని ఏడేళ్ళుగా దాచలేకా, తగలబెట్టలేకా అవస్థ పడుతున్నారు. మళ్ళీ ఎవడైనా చక్రవర్తి అడగవచ్చు. దేవుడు ఎలాగూ అడుగుతాడు. నలభైమందీ తెచ్చి ఇచ్చేశారు. విధవరాలు తన శాంతిపత్రం కూడా ఇచ్చింది. కోప్రెస్ తన నియామక పత్రాన్ని ఉండచుట్టి తనే లోపలికి తోశాడు, మోచేతి దాకా, నేర్పుగా.

"మీది ఏదైనా ఉందా అయ్యా?" అన్నాడు.

"ఊళ్ళో కాగితం లేనివాణ్ణి నేనొక్కణ్ణే కదరా," అన్నాడు సతబూస్, కుట్టు వేస్తూ.

ఆ విధంగా సెనెప్తలో ఎవరు ఏ దేవుణ్ణి కొలిచారో తేల్చగల సాక్ష్యం యావత్తూ పెద్దాయన కడుపులోకి చేరి, కొండెక్కింది. కొత్త మొసలిని తెచ్చే స్తోమత గుడికి లేదు.

మర్నాడు మధ్యాహ్నం సతబూస్ అలవాటు కొద్దీ మాంసం వేయించి, బుట్టలో పెట్టుకుని, గుమ్మంలో ఎటు పోవాలో తోచక నిలబడిపోయాడు. తమిస్త అరుగు మీద కూచుని చూస్తోంది. ఆయన చాలాసేపటికి వచ్చి ఆమె ఎదుట కూచున్నాడు. ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

అందుకని ముందు రెండు చప్పట్లు కొట్టాడు.

"నోరు ఇంత తెరిస్తే చాలా," అంది తమిస్త, "ఇంకా తెరవాలా?"